వంగిన నడుములు, నిలబెట్టే చేతులు

ఆమె పేరేమిటో లూకా రాయలేదు. ఏ ఊరిదో కూడా రాయలేదు. నడుము వంగిపోయి పద్దెనిమిదేళ్లయిందని, ఎంత ప్రయత్నించినా నిటారుగా నిలబడలేకపోయిందని మాత్రం రాశాడు (లూకా 13:10-17). పద్దెనిమిదేళ్లంటే ఒక ఆడపిల్ల పుట్టి పెళ్లీడుకొచ్చేంత కాలం. అన్నేళ్లూ ఆమెకు నేల, నలుగురి పాదాలు తప్ప ఎదుటి మనిషి ముఖం సరిగా కనిపించి ఉండదు. అయినా విశ్రాంతి దినాన సమాజమందిరానికి వచ్చింది. యేసుప్రభువును ఆమె ఏమీ అడగలేదు. ఆయనే చూశాడు, ఆయనే పిలిచాడు, ఆమె మీద చేతులుంచాడు. ఆమె నిటారుగా నిలబడి దేవుణ్ని స్తుతించింది. మందిరపు అధికారికి మాత్రం కోపమొచ్చింది. బాగుపడాలంటే మిగిలిన ఆరు రోజుల్లో రావచ్చు గదా అన్నాడు. విశ్రాంతి దినాన ఎద్దునూ గాడిదనూ కట్టు విప్పి నీళ్లకు తోలుకెళ్లే మీరు, అబ్రాహాము కుమార్తె అయిన ఈమె కట్లు విప్పితే తప్పు పడతారా అని ప్రభువు నిలదీశాడు.

ఈ కథను పత్తి, మిర్చి పండే మన నేల మీద చదివితే అర్థం మరింత లోతుగా తెలుస్తుంది. కలుపు తీతకు వంగిన నడుము మిర్చి కోతల దాకా వంగే ఉంటుంది. పత్తి తీతలో ఒడి నిండేకొద్దీ బరువంతా నడుము మీదే పడుతుంది. కళ్లాల్లో తాలు కాయలు ఏరే తల్లులు, తొడిమలు తీసే అమ్మలు పొద్దస్తమానం నేల మీద కూర్చుని సాయంత్రం లేవబోతే మోకాళ్లు సహకరించవు. గుంటూరు మిర్చి యార్డులో నలభై కిలోల పైచిలుకు టిక్కీలను వీపున మోసే హమాలీ సోదరుల మెడలు, నడుములు వయసుకు ముందే అరిగిపోతాయి. మనం కారంలో రుచి చూస్తాం గాని ఆ కారం వెనకున్న నడుము నొప్పిని చూడం.

ఇక ప్రకాశం పడమటి మెట్టలో, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో, తాగే నీళ్లే నడుము వంచాయి. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును గురించి మన దేశంలో వెలువడిన తొలి నివేదికల్లో ఒకటి 1937లో షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ ప్రచురించారు. అది అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల గురించి. కనిగిరి, పొదిలి, దర్శి ఆనాడు ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, తర్వాత ప్రకాశం పేరు పెట్టుకున్నప్పుడు అవి ఇటు చేరాయి. అంటే లోకం ఈ బాధను గుర్తించి పద్దెనిమిదేళ్లు కాదు, ఎనభై ఏళ్లు దాటింది! వెన్నెముక బిగిసిపోయి, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చే పెద్దలు ఆ ప్రాంతపు చర్చిల్లో వెనక వరుసల్లో కూర్చుని ఉంటారు. అలా బిగిసిన ఎముకలను మునుపటిలా చేసే మందు లేదు. మంచి నీళ్లిచ్చి జబ్బు ముదరకుండా ఆపవచ్చు. ఉన్న కదలికను వ్యాయామంతో కాపాడుకోవచ్చు.

ఇంతటి నొప్పి ఉన్న చోట మనవాళ్లు చేసేదేమిటి? నొప్పి పుట్టగానే ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్. మర్నాడు మళ్లీ కూలికి వెళ్లాలి కాబట్టి వారానికొకటి, ఆ తర్వాత మూడు రోజులకొకటి. నొప్పి మాత్రలు విచ్చలవిడిగా వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయని, స్టెరాయిడ్లు మాటిమాటికీ తీసుకుంటే షుగర్ పెరిగి ఎముకలు గుల్లబారతాయని ఆ అమ్మకు ఎవరూ చెప్పరు. ఇంజెక్షన్ నొప్పిని ఒక పూట నిద్రపుచ్చుతుంది గాని బలహీనపడిన కండరాన్ని బలపరచదు. ఆ పని చేసేది వ్యాయామం. దాన్ని సరిగ్గా నేర్పేవారు ఫిజియోథెరపిస్టులు.

పక్షవాతం వచ్చిన ఇంట్లో పరిస్థితి మరీ దారుణం. ఆసుపత్రిలో పది రోజులుంచి, అప్పులు చేసి, ప్రాణం దక్కిందని ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెడతారు. బంధువులు పండ్లు తెస్తారు. సంఘస్థులు వచ్చి కన్నీళ్లతో ప్రార్థిస్తారు. ఒకరు పసరు మందు పోసే ఊరి పేరు చెబుతారు. ఇంతమంది వస్తారు గాని పడిపోయిన ఆ చేతిని పట్టుకుని పైకెత్తి దించేవారు ఉండరు. ‘పాపం, విశ్రాంతి తీసుకోనివ్వండి’ అంటారు. రెండు నెలలు గడిచేసరికి భుజం బిగుసుకుపోతుంది, వేళ్లు ముడుచుకుపోతాయి, పాదం కిందికి వాలిపోతుంది, వీపు మీద పుండు పడుతుంది. ఇందులో చాలా భాగం పక్షవాతం చేసింది కాదు, మంచం చేసింది.

నిజానికి పక్షవాతంలో చెడింది చెయ్యి కాదు. రక్తం అందకపోవడం వల్లనో రక్తనాళం చిట్లడం వల్లనో, ఆ చేతిని నడిపించే మెదడు భాగం దెబ్బతింటుంది. అయితే మిగిలిన మెదడుకు ఆ పనిని కొంతైనా మళ్లీ నేర్చుకునే శక్తిని సృష్టికర్త ఇచ్చాడు. పసిబిడ్డ నడక నేర్చినట్లే, ఒకే కదలికను వందలసార్లు, వేలసార్లు చేస్తేనే ఆ నేర్పు వస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో ఈ కోలుకోవడం వేగంగా జరుగుతుంది. ఆ తర్వాత కూడా ఆగిపోదు గాని నెమ్మదిస్తుంది. కాబట్టి ఆ మొదటి నెలలు విత్తనాల అదును లాంటివి. అదును దాటాక వేసిన పత్తి ఎంత పండుతుందో మన రైతుకు వేరే చెప్పాలా?

ఈ విలువైన నెలలను కొన్నిచోట్ల మన బోధలే మింగేయడం బాధాకరం. ‘విశ్వాసముంటే కర్ర ఎందుకు? ప్రభువు ముట్టాడని నమ్మితే వ్యాయామం ఎందుకు?’ అని అడిగే బోధకులున్నారు. స్వస్థత కూటంలో వేదిక మీద చేతికర్ర పారేయించి నాలుగడుగులు నడిపిస్తారు. ఆ ఉద్వేగంలో నడిచిన మనిషి ఇంటికెళ్లాక పడి తుంటి విరగ్గొట్టుకుంటే చూడ్డానికి ఆ బోధకుడు ఉండడు. పైగా ‘నీకు విశ్వాసం చాలలేదు’ అన్న నింద ఒకటి మిగిలిపోతుంది. ఒంటికి జబ్బు, మనసుకు నింద. ఆ సమాజమందిరపు అధికారి కూడా ఇంత బరువు మోపలేదు.

దేవుడు క్షణంలో బాగుచేయగలడా? తప్పకుండా చేయగలడు. ప్రార్థన మానమని ఎవరూ అనకూడదు. అయితే ప్రార్థనకూ ప్రయత్నానికీ బైబిల్ ఎక్కడా పోటీ పెట్టలేదు. నెహెమ్యా కాలంలో యూదులు శత్రువుల బెదిరింపు విని దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబవళ్లు కావలీ పెట్టారు (నెహెమ్యా 4:9). మరణకరమైన పుండుతో మంచం పట్టిన హిజ్కియా రాజు ప్రార్థనను దేవుడు ఆలకించాడు. అదే దేవుని ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయించాడు (2 రాజులు 20). యాయీరు కూతురిని ప్రాణంతో లేపిన ప్రభువు, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమని ఇంట్లోవాళ్లకు చెప్పాడు. లాజరును సమాధిలోంచి పిలిచింది ఆయనే, అయినా కట్లు విప్పే పని మాత్రం చుట్టూ ఉన్నవాళ్లకు అప్పగించాడు. దేవుడు చేయగలిగింది దేవుడు చేశాక కూడా మనుషులు చేయాల్సింది మిగిలే ఉంటుంది.

బేత్సయిదాలో జరిగిన స్వస్థత మరీ ఆలోచింపజేస్తుంది (మార్కు 8:22-25). ప్రభువు ఆ గుడ్డివాడి కళ్ల మీద చేతులుంచి, ఏమైనా కనిపిస్తోందా అని అడిగాడు. మనుషులు కనిపిస్తున్నారు గాని నడిచే చెట్లలా ఉన్నారని అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. ‘అవిశ్వాసీ, పూర్తిగా కనిపిస్తోందని చెప్పు’ అని ప్రభువు గద్దించలేదు. మళ్లీ చేతులుంచాడు, అప్పుడు అతనికి స్పష్టంగా కనిపించింది. సగం కోలుకున్నవాడు సగమే కోలుకున్నానని ప్రభువు ముందు చెప్పగలిగాడు. అదే మాట మన సంఘాల్లో సాక్ష్యంగా చెప్పుకునే వీలుందా? ‘ఈ నెల నా చెయ్యి భుజం దాకా లేచింది, ఇంకా పైకి లేవడం లేదు, ప్రార్థించండి’ అని ఒక అక్క నిలబడి చెబితే మనం చప్పట్లు కొడతామా, చిన్నచూపు చూస్తామా?

హెబ్రీ పత్రిక 12వ అధ్యాయంలో మూడు వచనాలున్నాయి (11 నుంచి 13). శ్రమల్లో సొమ్మసిల్లిన విశ్వాసుల్ని ధైర్యపరచడానికి రాసిన మాటలవి. కాని ఆ రచయిత ఎంచుకున్న పోలికంతా దేహానిదే. క్రమశిక్షణలో సాధన చేసినవారి గురించి చెబుతూ ఆయన వాడిన గ్రీకు మాట ‘గుమ్నాజో’. వ్యాయామశాలకు జిమ్నాసియం అన్న పేరొచ్చింది ఆ ధాతువు నుంచే. ఆ వెంటనే, వాలిపోయిన చేతులను, పట్టుతప్పిన మోకాళ్లను నిలబెట్టమంటాడు. పక్షవాతానికి వాడే మాట కూడా ‘పట్టుతప్పిన’ అన్న ఆ మాటకు చుట్టమే. తర్వాత, కుంటి కాలు కీలు తప్పిపోకుండా బాగయ్యేలా దారులు చదును చేయమంటాడు. అన్నిటికన్నా విలువైనది ‘నిలబెట్టడం’ అనే మాట. గ్రీకులో అది ‘అనొర్థో’. కొత్త నిబంధన మొత్తంలో ఇది మూడేచోట్ల ఉంది. ఒకటి అపొస్తలుల కార్యములు 15లో, కూలిన దావీదు గుడారాన్ని తిరిగి నిలబెట్టే సందర్భం. రెండోది ఈ హెబ్రీ పత్రికలో. మూడోది? లూకా 13లో, నడుము వంగిన ఆ స్త్రీ నిటారుగా నిలిచిన చోట! ప్రభువు హస్తం ఆమెకు ఏమి చేసిందో, సంఘం తన మధ్య ఉన్న బలహీనులకు అదే చేయాలని లేఖనం ఒకే మాటతో చెబుతోంది. ప్రభువుకు అది క్షణం పని. మనకు నెలలు పట్టవచ్చు. పని మాత్రం ఒక్కటే.

మన దేశంలో ఈ పనికి దారి చూపినవారిలో ఇద్దరిని తలచుకోవాలి. తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీల ఇంట పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. కుష్ఠు రోగుల వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో లోకం నమ్మేది. స్పర్శ, నొప్పి తెలియక కాలిన గాయాలు, కోసుకున్న గాయాలు పట్టించుకోకపోవడం వల్లనే వేళ్లు పోతున్నాయని ఆయన గమనించి నిరూపించారు. ముడుచుకుపోయిన చేతుల్లో పనిచేస్తున్న ఒక కండరపు స్నాయువును మరోచోటికి మార్చి కుట్టే శస్త్రచికిత్సను అభివృద్ధి చేశారు. అయితే ఆపరేషన్‌తో పని అయిపోదు. నిన్నటిదాకా ఒక వేలిని ముడిచిన కండరం ఇవాళ మరో పని చేయాలి. ఆ సంగతి చేతికి వారాల తరబడి నేర్పాలి. అది ఫిజియోథెరపీ పని. ఆ తర్వాత అన్నం ముద్ద కలపడం, పనిముట్టు పట్టడం, బతుకుతెరువు సంపాదించడం నేర్పాలి. అందుకే ఆయన రోగులు చేతిపనులు నేర్చుకునే చోటును కూడా ఏర్పాటు చేశారు.

కేరళ నుంచి వచ్చి అక్కడే చదివిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ఒక కారు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడుము కింద కదలిక కోల్పోయారు. డాక్టరుగా ఆమె జీవితం ముగిసిందనుకున్నారంతా. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆమె ఆపరేషన్లు చేశారు. విదేశాలకు వెళ్లి పునరావాస వైద్యం చదివి వచ్చారు. 1966లో వేలూరులో ఆమె సారథ్యాన పునరావాస కేంద్రం మొదలైంది. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమె మళ్లీ నడవలేదు. ఆమె చేతుల మీదుగా ఎందరో నడిచారు. స్వస్థత లేని జీవితం దేవునికి పనికిరాదనేవాళ్లకు ఆమె జీవితమే జవాబు.

మన జిల్లాలకూ ఈ వారసత్వం ఉంది. ఆడవాళ్లను మగ డాక్టరు చూడ్డానికి ఇళ్లలో ఒప్పుకోని రోజుల్లో, 1883లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల కోసం ఆసుపత్రి నిలబెట్టారు. 1920లో ఆస్ట్రేలియా నుంచి గుంటూరుకు వచ్చిన డాక్టర్ మేరీ గ్లోరీ సన్యాసినిగా ఉంటూనే వేలాదిమందికి వైద్యం చేశారు. బాపట్లలో రక్షణ సైన్యం వారు కుష్ఠు రోగులకు ఆసుపత్రి నడిపారు. వీరిలో ఎవరూ మందునూ ప్రార్థననూ వేరు చేసి చూడలేదు. వారు కట్టిన మందిరాల్లో కూర్చుని, వారి ప్రార్థనను మాత్రం ఉంచుకుని వైద్యాన్ని కాదనడం న్యాయమా?

ప్రతి ఇంట్లో తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యి పట్టుతప్పినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెదడులో గడ్డను కరిగించే మందు తగినవారికి నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. ప్రార్థన అంబులెన్సులో కూడా చేసుకోవచ్చు. ఇంటికొచ్చాక రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపకూడదు, భుజం కీలు జారుతుంది. ఆ చేతిని దిండు మీద ఆనించాలి. కూర్చోబెట్టే తినిపించాలి. చేతికర్రను బాగున్న చేత్తో పట్టించాలి. మిగతాది ఫిజియోథెరపిస్టు చూపినట్టు రోజూ చేయించాలి.

మామూలు నడుము నొప్పికి వారాల తరబడి మంచం పట్టడం మేలు చేయదు. చేయగలిగినంతలో కదులుతూ ఉంటే చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. అయితే కాళ్లలో బలం తగ్గినా, మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, నొప్పితోపాటు జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. మోకాళ్లు అరిగినవారు నడక మానేస్తే తొడ కండరం సన్నబడి నొప్పి ఇంకా పెరుగుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి కొద్దిసేపు నిలిపి దించడం లాంటి చిన్న వ్యాయామం కూడా ఆ కండరాన్ని నిలబెడుతుంది. పని మధ్యలో గంటకోసారి లేచి నడుము నిలబెట్టుకోవడానికి కూలీలకు అయిదు నిమిషాలివ్వడం రైతుకు పెద్ద నష్టం కాదు. ఎద్దుకైనా నీళ్లు పెట్టే వేళ ఉంటుందని ప్రభువే చెప్పాడు కదా!

పునరావాసం వల్ల మేలు పొందగలవారు ప్రపంచంలో దాదాపు 240 కోట్ల మంది ఉన్నారని 2019 నాటి లెక్కలు చెబుతున్నాయి. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను ఆరు వేలకు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారి పింఛను పదిహేను వేలకు పెరిగింది. సంతోషమే. పింఛను గంజి పోస్తుంది, కాని బిగిసిన భుజాన్ని కదిలించదు. ఫిజియోథెరపీ చేయించాలంటే ఆటో ఖర్చు ఒకటి, తోడు వెళ్లేవారి కూలి పోవడం మరొకటి. చాలామంది మూడో వారానికే మానేయడానికి కారణం విశ్వాసం లేక కాదు, చార్జీలు లేక. ఇంకో చేదు నిజం కూడా చెప్పుకోవాలి. భర్త పడిపోతే భార్య కూలి మానుకుని కాళ్లూ చేతులూ ఆడిస్తుంది. భార్యే పడిపోతే ఆమె చేతిని ఆడించేదెవరు? ఆడపిల్ల చదువు మానేసి ఇంట్లో ఉండాల్సి వస్తుంది. మన కూటముల్లో మగవాళ్లకు ఈ సంగతి ప్రత్యేకంగా బోధించాలి.

ఇక్కడే సంఘం పని మొదలవుతుంది. పక్షవాతంతో పడి ఉన్నవాణ్ని నలుగురు మోసుకొచ్చి, దారి లేకపోతే ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందు దించారు (మార్కు 2). ఆ నలుగురూ ప్రసంగాలు చేయలేదు, మంచం కోళ్లు పట్టుకున్నారు. ప్రతి సంఘంలో నలుగురు యువకులు వారానికి రెండుసార్లు ఒక రోగిని ఫిజియోథెరపీకి తీసుకెళ్లే భారం తీసుకుంటే చాలు. కానుకల్లో కొంత ఆటో చార్జీలకు పక్కన పెట్టవచ్చు. స్త్రీల సమాజం వారు వంతులేసుకుని రోజుకొకరు వెళ్లి, నేర్పిన వ్యాయామాన్ని అరగంట చేయించి, చివర్న ప్రార్థించి రావచ్చు. రెఫీదీములో మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరోపక్క నిలిచి సాయంత్రం దాకా ఆదుకున్నారు (నిర్గమ 17). రోగికి సేవచేసే భార్య చేతులు కూడా బరువెక్కుతాయి. ఆమె కోసం ఒక పూట కూర్చోవడమూ పరిచర్యే. అవయవలోపమున్న పిల్లలుంటే మండలంలోని భవిత కేంద్రానికి పంపమని తల్లిదండ్రులకు చెప్పాలి. లక్షలు పోసి గోపురాలు కట్టుకునే మనం మందిరం గుమ్మానికి ఒక వాలుదారి, మెట్ల పక్కన ఒక ఇనుప కమ్మీ వేయించలేమా? కుంటి కాలు కీలు తప్పకుండా దారి చదును చేయమని హెబ్రీ పత్రిక చెప్పింది గదా!

ఎంత చేసినా పూర్తిగా కోలుకోనివారు ఉంటారు. వారికి ఏం చెప్పాలి? యాకోబు పెనూయేలులో దేవునితో రాత్రంతా పెనుగులాడి ఆశీర్వాదమూ పొందాడు, కుంటుతూనే వెళ్లాడు. ఆ కుంటినడకను ఎవరూ శాపమనలేదు. అయిదేళ్ల వయసులో పడి రెండు కాళ్లూ పోగొట్టుకున్న మెఫీబోషెతును దావీదు వెదికి పిలిపించి, పోయిన పొలాలు తిరిగి ఇచ్చి, జీవితాంతం తన బల్ల దగ్గర భోజనానికి కూర్చోబెట్టాడు (2 సమూయేలు 9). అతని కాళ్లు బాగుపడలేదు, అతని చోటు బాగుపడింది. పునరావాసం అన్న మాటకు అర్థం కూడా తిరిగి నిలవ నీడ దొరకడమే. నడక వస్తే దేవునికి స్తోత్రం. రాకపోతే బల్ల దగ్గర చోటు ఉండాలి. ఆ చోటు ఇవ్వడానికి అద్భుతం అక్కర్లేదు, మనసుంటే చాలు.

ఆదివారం ఆరాధన ముగిశాక ఒక్క నిమిషం చుట్టూ చూడండి. ఎప్పుడూ వచ్చే ఒక అవ్వ, ఒక హమాలీ అన్న రెండు నెలలుగా కనిపించడం లేదంటే వారి ఇల్లెక్కడో కనుక్కోండి. వెళ్లండి. ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. ఆమేన్ అన్నాక వెంటనే లేచి రాకండి. పడిపోయిన ఆ చేతిని మీ చేతుల్లోకి తీసుకోండి, నేర్పినవారు చెప్పినట్టు నెమ్మదిగా పైకెత్తి దించండి. పదిసార్లు. రేపు ఇంకొకరు వచ్చి మరో పదిసార్లు చేయిస్తారని ఆ ఇంటివాళ్లకు మాటిచ్చి రండి.